గోదావరి నాడి పట్టేవాళ్లు

ఎన్నికల సర్వే చేసేవారి పనితనం తెలియాలంటే ఉభయ గోదావరి జిల్లాలు చూడాలి. పాత జిల్లాల లెక్కన ఇక్కడ 34 అసెంబ్లీ స్థానాలు. 2014లో పశ్చిమ గోదావరిలోని 15 సీట్లూ తెలుగుదేశం, బీజేపీ కూటమికే దక్కాయి. 2019లో రెండు జిల్లాల్లో కలిపి వైఎస్సార్ కాంగ్రెస్ 27 గెలిచింది. 2024లో మొత్తం 34 తెలుగుదేశం నేతృత్వంలోని కూటమి ఖాతాలో పడ్డాయి. మూడుసార్లూ ఇక్కడ గాలి ఎటు వీస్తే అధికారం అటే వెళ్లింది.

ఆ గాలిని ముందే పసిగట్టడం గొప్ప విద్య. ఒక్క మెతుకు పట్టుకుంటే అన్నమంతా తెలుస్తుందంటారు గానీ, ఈ జిల్లాల్లో అది చాలదు. కోనసీమ కొబ్బరి రైతు, భీమవరం చెరువుల మీది కూలీ, రంపచోడవరం ఏజెన్సీ గిరిజనుడు, రాజమహేంద్రవరం దుకాణదారు అందరినీ కలవాలి. ఆడవాళ్ల మాట, కౌలు రైతు మాట విడిగా వినాలి. గట్టిగా అరిచేవాడి ఓటూ ఒక్కటేనని గుర్తుంచుకోవాలి. ఓట్ల శాతం తెలిసినా సీట్ల లెక్క వేరే. పొత్తులో ఒక పార్టీ ఓటు ఇంకో పార్టీకి బదిలీ అవుతుందా అన్నది అసలు పరీక్ష.

2024లో పోలింగ్ మే 13న, ఫలితాలు జూన్ 4న. ఆ మధ్య పందేలరాయుళ్లు ఎంత ఎగదోసినా తన లెక్కను ఆశకో, డబ్బుకో వంచనివాడే నిజమైన పనివాడు. మండుటెండలో గడపగడపకూ తిరిగి, సామాన్యుడి మనసును ఓపికగా వినే ఆ మనిషికి మనం గౌరవం బాకీ ఉన్నాం.