తెల్లవారుజాము కల ఎవరిది?

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్ళలో ఒక నమ్మకం. ఏ జాములో వచ్చిన కల ఎన్నాళ్ళకు ఫలిస్తుందో స్వప్నఫలాల లెక్క కూడా ఉంది. అందులో చివరి జాముదే పైచేయి. నమ్మకం మాట అలా ఉంచితే, నిద్ర మీద ప్రయోగాలు చేసినవాళ్ళు కూడా ఆ జాముకే పెద్దపీట వేశారు. 1953లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటి ఉందని గుర్తించారు. దాన్నే రెమ్ నిద్ర అంటున్నాం. ఆ దశలో లేపితే నూటికి ఎనభైసార్లు మనుషులు తమ కల చెప్పగలిగారని, మిగతా దశల్లో లేపితే నూటికి ఏడుసార్లే చెప్పగలిగారని 1957లో డిమెంట్, క్లైట్‌మన్ ప్రకటించారు. ఈ రెమ్ దశ రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారేకొద్దీ పొడుగవుతుంది.

అంటే కలలు దండిగా పండే వేళ, మన ఇళ్ళలో ఆడవాళ్ళు లేచి వాకిలి ఊడ్చే వేళ ఒకటే. ఆ వేళ లేచే మనిషి చాలాసార్లు కల మధ్యలోంచే లేస్తుంది కాబట్టి కల ఆమెకు గుర్తుండే అవకాశమే ఎక్కువ. గుర్తుంటుంది కూడా, స్టవ్ వెలిగించేదాకా. ఆ తర్వాత ఉండదు. కల పోయింది నిద్రలో కాదు, మంచానికీ పొయ్యికీ మధ్య.

సాహిత్య విమర్శలో కల గురించి మనం చాలానే మాట్లాడుకున్నాం. ప్రతీక అన్నాం, అచేతనం అన్నాం, అణచివేసిన కోరిక అన్నాం. కానీ స్త్రీల కలల రాతలు చదివేటప్పుడు కల అర్థమేమిటని అడిగే ముందు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయని నాకనిపిస్తుంది. ఆమె ఎన్నింటికి పడుకుంది? ఎవరు లేపారు? గది తలుపుకి గడియ ఉందా?

ఈ ప్రశ్నల్లో మొదటిదాన్ని ఒక శాస్త్రంలా పట్టించుకున్న మనిషి మేరీ విటన్ కాల్కిన్స్. అమెరికాలో వెల్స్‌లీ కాలేజీలో పాఠాలు చెప్పేది. తన గురువు ఎడ్మండ్ శాన్‌ఫర్డ్‌తో కలిసి తన నిద్ర మీద తనే ప్రయోగం చేసుకుంది. రాత్రి వేర్వేరు వేళలకు అలారం పెట్టుకుని లేవడం, లేచిన మరుక్షణం కల రాసుకోవడం. మంచం పక్కన కాగితం, పెన్సిలు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె. ఆమె 55 రాత్రుల్లో 205 కలలు రాసింది, ఆయన 46 రాత్రుల్లో 170. ‘కలల గణాంకాలు’ అనే ఆ వ్యాసం 1893లో అచ్చయింది. అందులో ఇద్దరూ ఉత్త పొడి అక్షరాలు: సి., ఎస్. ‘సి’ అనే ఆమె ఏ కలకీ గూఢార్థం వెతకదు. ఏ వేళ వచ్చింది, ఎంత స్పష్టంగా ఉంది, అందులో ఎవరున్నారు, పగటి జీవితంతో ఏ లంకె ఉంది అని లెక్కపెడుతుంది. కలలో వచ్చేవాళ్ళు ఎక్కువమంది మామూలుగా మనం రోజూ చూసేవాళ్ళేననీ, కలలు తెల్లవారుజాముకే దట్టమవుతాయనీ అరవై ఏళ్ళ ముందే చెప్పింది.

ఆ వ్యాసం చదివినప్పుడు నన్ను నిలబెట్టింది దాని కంఠస్వరం. ఎక్కడా తన కలకి సంజాయిషీ చెప్పుకోదు, సిగ్గుపడదు, గొప్పలు పోదు. తన నిద్ర మీద తనకి హక్కున్న మనిషి రాత అది. ఆ హక్కు వెనక ఆమె పెళ్ళి చేసుకోకపోవడం, రాత్రి పూట కొవ్వొత్తి వెలిగిస్తే ఎవరి నిద్రా చెడకపోవడం కూడా ఉన్నాయని మరిచిపోనక్కర్లేదు. ఇంత చేసినా 1895లో హార్వర్డ్‌లో డాక్టరేట్‌కి కావలసిన పరీక్షలన్నీ నెగ్గిన ఆమెకి, ఆడమనిషి కాబట్టి, విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వలేదు. 1902లో ఆడవాళ్ళ కోసం పెట్టిన రాడ్‌క్లిఫ్ కాలేజీ పేరుతో ఇస్తామంటే ఆమె వద్దంది. 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి మొదటి మహిళా అధ్యక్షురాలయింది. ఫ్రాయిడ్ తన కలల పుస్తకంలో కాల్కిన్స్‌ని ప్రస్తావించాడు, పగటి జీవితంతో ఏ సంబంధమూ కనపడని కలలు నూటికి పదకొండేనన్న ఆమె లెక్క కోసం. 

నేను కూడా ఒక నోటుబుక్కు పెట్టాను. ఆరువారాలు. స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసినదాన్ని, ఏ ఆత్మకథలోనూ నిద్ర గురించి ఒక అధ్యాయమైనా ఎందుకు లేదన్న ప్రశ్న చాలా ఏళ్ళుగా వెంటాడుతోంది. మొదటి మూడువారాలు మా ఇంటి మామూలు వేళల ప్రకారం: రాత్రి పదకొండుకి పడక, నాలుగున్నరకి లేవడం. తర్వాతి మూడువారాలు ఒప్పందం మీద: పదకొండు నుంచి ఆరు దాకా. పొద్దుటి వంట, పాప స్కూలు డబ్బా మా ఆయనవి. పేజీకి నాలుగు గళ్ళు. పడుకున్న వేళ, లేచిన వేళ, కల, నాలుగోది ‘ఎవరు లేపారు’. పుస్తకాల్లో ఎక్కడా లేని ఆ నాలుగో గడి మాత్రం నా సొంతం.

మొదటి మూడువారాల్లో నాలుగో గడి నిండుగా ఉంది. అలారం. పాప, దాహం. నీళ్ళొచ్చాయి (మా వీధిలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, వేళ వాటి ఇష్టం). అత్తయ్య దగ్గు. మళ్ళీ పాప. మూడో గడిలో మాత్రం ఇలాంటివి: ‘పరీక్ష హాలు, హాల్‌టికెట్ వెనక ఎవరిదో చిట్టీ, దాని మీద...’ ‘బావి. అమ్మమ్మ ఏదో అంది.’ చాలాచోట్ల ఉత్త గీత. రెండో విడతలో నాలుగో గడి వెలితిపడింది, మూడోది నిండింది. రెండేసి పేజీల కలలు వచ్చాయి. వాటిని ఇక్కడ చెప్పను, అవేమంత గొప్పవి కావు. తమాషా ఏమిటంటే, స్నేహితులకి ఆ నోటుబుక్కు చూపిస్తే అందరూ రెండో సగమే చదివారు. నాకు మొదటి సగమే సాహిత్యంగా కనిపిస్తుంది. ఆ గీతల్లో ఒక ఇల్లు ఉంది.

కలల డైరీ ఎలా రాయాలో నేర్పే పుస్తకాలన్నీ ఒక మాట చెబుతాయి: మెలకువ రాగానే కదలకండి, కళ్ళు తెరవకండి, కలని వెనక్కి లాగండి, తర్వాత రాయండి. మంచి సలహాయే. పాలు పొంగే ఇంట్లో ఎవరు పాటిస్తారు? జాతీయ గణాంకాల కార్యాలయం 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు అందులో ఉంటారు, అదే పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. కదలకుండా పడుకునే ఆ పది నిమిషాలు ఈ రెండు అంకెల తేడాలోంచే రావాలి. నబొకోవ్ 1964 అక్టోబరులో మోంట్రోలో తన కలల్ని కార్డుల మీద రాయడం మొదలుపెట్టాడు, కల భవిష్యత్తుని ముందే చూస్తుందేమోనని పరీక్షించడానికి. మన తెల్లవారుజాము నమ్మకం లాంటిదే. భార్య వేరా కలలు కూడా అక్కడక్కడ ఎక్కాయి, అయితే ఆయన కార్డుల మీదే. అన్నట్టు వాళ్ళు ఉండింది హోటల్లో. పొద్దున్నే కాఫీ కాచే బాధ్యత ఇద్దరికీ లేదు.

మా ఇంట్లో పనిచేసే ఆమెని కూడా అడిగాను, కలలు వస్తాయా అని. “పక్కమీద వాలితే ఒళ్ళు తెలీదమ్మా, కలలెక్కడివి” అని నవ్వింది. ఆమె నాలుగిళ్ళు చేస్తుంది, నాలుగింటికి లేస్తుంది. నేను ‘మన ఆడవాళ్ళు’ అని రాసిన ప్రతిచోటా ఆ మాట ఎంతవరకు సాగుతుందో ఆమె నవ్వు గుర్తుచేస్తూనే ఉంది. నా ఒప్పందపు మూడువారాల్లో కూడా మా గిన్నెలు తోమింది ఆమే.

ఇక గడియ సంగతి. డోరా అన్న పేరుతో ఫ్రాయిడ్ 1905లో ప్రకటించిన కథనంలోని అమ్మాయి అసలు పేరు ఇడా బావర్. 1900లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, తండ్రి ఆమెని చికిత్సకి తెచ్చాడు. ఆమె చెప్పిన మొదటి కల: ఇల్లు అంటుకుంది, తండ్రి మంచం పక్కన నిలబడి లేపుతున్నాడు, ఆమె గబగబా బట్టలు వేసుకుంటుంది, తల్లి నగలపెట్టె కోసం ఆగుతుంది. నగలపెట్టె మీద ఫ్రాయిడ్ ఎన్నో పేజీలు రాశాడు. అది స్త్రీ అవయవం, ఆమె దాచుకున్న కోరిక తండ్రి స్నేహితుడి మీద, ఇలా. స్త్రీవాదులు ఆ వ్యాఖ్యానాన్ని ఎప్పుడో చీల్చి చెండాడారు. ఎలెన్ సిక్సూ 1976లో డోరా మీద నాటకమే రాసింది. నేను చెప్పదలచింది చిన్న విషయం, ఫ్రాయిడ్ కథనంలోనే ఉన్నది. ఒక మధ్యాహ్నం సోఫా మీద నిద్రపోయిన ఆ పిల్ల కళ్ళు తెరిచేసరికి ఆ తండ్రి స్నేహితుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. అంతకుముందే చెరువు గట్టున ఆమెని పట్టి నిలేసినవాడు. ఆమె గదికి తాళంచెవి సంపాదించింది. మర్నాటికి ఆ చెవి మాయమయింది. ఆ ఇంట్లో ఉన్న రాత్రులు ఆ కల మళ్ళీ మళ్ళీ వచ్చింది.

కలలో లేపడానికి నిలబడ్డ మగవాడు, మెలకువలో లేచేసరికి నిలబడ్డ మగవాడు, తాళం పడని తలుపు. దీనికి నగలపెట్టె దాకా వెళ్ళాలా? నిద్రపోవడానికి భద్రమైన చోటు లేని పిల్ల కల ఇది. పదకొండు వారాల తర్వాత, 1900 డిసెంబర్ 31న, ఆమె చికిత్స మానేసి వెళ్ళిపోయింది. తన కలని చదివే హక్కు ఇంకొకరికి అప్పగించడం ఇష్టంలేక వెళ్ళిందని నేననుకుంటాను.

అర్థం చెప్పకుండా రాసిపెట్టడం ఎంత పని చేస్తుందో షార్లొట్ బెరాట్ పుస్తకం చూస్తే తెలుస్తుంది. 1933 నుంచి 1939 దాకా బెర్లిన్‌లో ఆమె చుట్టుపక్కలవాళ్ళ కలలు సేకరించింది. హిట్లర్‌ని ‘హాన్స్ మామయ్య’ అని మారుపేర్లతో రాసి, పుస్తకాల అట్టల్లో దాచి, విదేశాల్లోని స్నేహితులకి పంపింది. 1966లో పుస్తకమయింది. అందులో ఒక గృహిణి కల: ఇంట్లోని పెంకుల పొయ్యి తలుపుని నాజీ సైనికుడొకడు తెరుస్తాడు, పొయ్యి మాట్లాడడం మొదలుపెడుతుంది, ఇంట్లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా అన్న ప్రతి మాటా పైకి చదువుతుంది. బెరాట్ దానికి అచేతనం భాష్యం చెప్పదు, ఆ రోజుల పక్కన పెడుతుంది, అంతే.

మన భాషలో ఆడవాళ్ళ నిద్ర మీద ఉన్న గొప్ప రచన ఆడవాళ్ళే పాడుకున్న ‘ఊర్మిళాదేవి నిద్ర’. స్త్రీల రామాయణపు పాటల మీద వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన తన ఆంగ్ల వ్యాసంలో దీని గురించి రాశారు. ప్రధానంగా బ్రాహ్మణ స్త్రీల నోట నిలిచిన పాట అనీ చెప్పారు. లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు మేలుకోవాలి, ఆ నిద్ర ఊర్మిళ పోవాలి. నిద్ర కూడా ఇంటిపనిలాగే ఒకరిది ఇంకొకరి మీద పడడం ఎంత మామూలుగా చెప్పేశారో! ఇళ్ళలో ఇప్పటికీ ఆలస్యంగా లేచిన కోడల్ని ‘ఊర్మిళాదేవి నిద్ర’ అని దెప్పుతారు. ఆ నిద్ర ఎవరి కోసమో దెప్పేవాళ్ళకి గుర్తుండదు. పద్నాలుగేళ్ళ తర్వాత లక్ష్మణుడు వచ్చి లేపుతాడు. ఆమె గుర్తుపట్టదు. గదిలో పరాయి మగవాడున్నాడని వణికిపోతుంది, మావాళ్ళకి తెలిస్తే నీకు ప్రమాదం, వెళ్ళిపొమ్మంటుంది. పాడిన ఆడవాళ్ళు ఆ ఘట్టం దగ్గర ఆగి ఆగి పాడారంటే, ఇడా బావర్‌కి తెలిసిన భయమే వాళ్ళకీ తెలుసు. ఆ ఘట్టాన్ని శృంగారానికి ముందు వచ్చే చిలిపి సన్నివేశంగా చదివేవాళ్ళతో నాకు పేచీ.

ఓల్గా ‘విముక్త’ కథలో ఊర్మిళ నిద్రపోలేదు. తలుపులు మూసుకుని తనను తాను వెతుక్కుంది. లోకం దాన్ని నిద్ర అనుకుంది. ఈ తిరగరాత ఎంతమందికి బలమిచ్చిందో నా విద్యార్థినుల్లోనే చూశాను. అయినా నాలో ఒక మూల గొణుగుడు ఉంది. ఆడమనిషి తలుపు మూసుకోవడం గౌరవంగా కనపడాలంటే అది సాధన అయి తీరాలా? ఉత్త నిద్ర అయితే ఎందుకు కూడదు? ఎవరి బదులూ కాకుండా, ఎవరూ వచ్చి లేపకుండా, ఆమె నిద్ర ఆమె పోవడం కూడా రాయదగిన సంగతే కదా. ఆ కథ ఇంకా ఎవరూ రాయలేదనుకుంటాను.

నేను విన్న పాఠంలో ఊర్మిళ లేచాక స్నానం ఉంది, అలంకారం ఉంది, భోజనం ఉంది, కుశలప్రశ్నలున్నాయి. అన్నేళ్ళ నిద్రలో ఏం కలగన్నావని మాత్రం అత్తలు గానీ, అక్క గానీ, మొగుడు గానీ ఆమెని అడగరు.