ఎగిరే బెల్టు ఎవరిది?

నల్లజాతి పోరాటం నుంచి దళిత ఉద్యమం చాలా తెచ్చుకుంది. 1966లో ఓక్లాండ్‌లో పుట్టిన బ్లాక్ పాంథర్ల పేరుతోనే 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పుట్టారు. నల్లవాళ్ళ కవిత్వం, ఆత్మకథలు మన చర్చల్లో భాగమయ్యాయి. వాళ్ళ కామిక్స్ మాత్రం మన దాకా రాలేదు. అవి పిల్లల బొమ్మల పుస్తకాలనీ, సైన్స్ ఫిక్షన్ అంటే కడుపు నిండినవాళ్ళ కాలక్షేపమనీ మన సభల్లో కూడా వింటుంటాం. అదెంత నిజం? డుబాయిస్ 1920లోనే 'ద కామెట్' అనే కథ రాశాడు. తోకచుక్క విషవాయువుకి న్యూయార్క్ నగరం చచ్చిపోతే ఒక నల్లవాడూ ఒక తెల్ల యువతీ మిగులుతారు. లోకం అంతమైతే తప్ప ఆ ఇద్దరూ మనుషులుగా ఎదురుపడలేరన్నది అందులోని చేదు నిజం. అంబేడ్కర్ 1946లో ఉత్తరం రాసింది ఈ డుబాయిస్‌కే. కాబట్టి భవిష్యత్తుని ఊహించటం మన దారికి బయటి విషయమేమీ కాదు. ఎవరు ఊహిస్తున్నారు, ఎవరి గురించి ఊహిస్తున్నారు అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నతోనే మేము మైల్‌స్టోన్ కామిక్స్ చదివాం. డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్ అనే నలుగురు నల్లవాళ్ళు పెట్టిన సంస్థ ఇది. మెక్‌డఫీ అంతకుముందు మార్వెల్‌లో పనిచేశాడు. నల్ల హీరో అనగానే చేతికో స్కేట్‌బోర్డు ఇచ్చి వీధిలోకి తోలే పద్ధతిని వెక్కిరిస్తూ 1989లో అక్కడే ఒక ఉత్తుత్తి ప్రతిపాదన రాసిచ్చాడు. 1993లో హార్డ్‌వేర్, బ్లడ్ సిండికేట్, ఐకాన్, స్టాటిక్ అనే నాలుగు సిరీస్‌లు వచ్చాయి. పాత్రల మీద హక్కూ, కథ మీద అధికారమూ మైల్‌స్టోన్‌వి. అచ్చు, పంపిణీ డీసీ అనే పెద్ద కంపెనీవి. అంటే కలం మనది, బండి వాళ్ళది. సొంత పత్రిక నడిపిన ఎవరికైనా ఈ స్వతంత్రం ఎంతవరకో వేరే చెప్పక్కర్లేదు.

హార్డ్‌వేర్ కథ ఈ సంగతినే మాట్లాడుతుంది. కర్టిస్ మెట్‌కాఫ్ చిన్నప్పుడే మేధావి అనిపించుకున్న పేదింటి పిల్లవాడు. ఎడ్విన్ ఆల్వా అనే తెల్ల పెట్టుబడిదారుడు వాణ్ణి చదివిస్తాడు, ప్రయోగశాల ఇస్తాడు. వాడి ఆవిష్కరణలతో ఆల్వా కోట్లు గడిస్తాడు. లాభంలో వాటా అడిగిన రోజున మాత్రం, నువ్వు నా పనివాడివి అంతే అని తేల్చేస్తాడు. ఒప్పందం ప్రకారం కర్టిస్ ఇంకో చోటికి పోయి పనిచేసుకోవటానికీ వీల్లేదు. అప్పుడు వాడు ఆల్వా సొమ్ముతోనే, ఆల్వా ప్రయోగశాలలోనే యుద్ధకవచం తయారుచేసుకుంటాడు. మొదటి సంచికలో ఒక పక్షి కథ వస్తుంది. పంజరం నుంచి బయటపడ్డ పక్షి ఎగిరిపోయి కిటికీ అద్దానికి కొట్టుకుంటుంది. పంజరం దాటటమూ స్వేచ్ఛా ఒకటి కావు. సీటు దొరికింది, ఉద్యోగం దొరికింది, ఇంక కులమెక్కడుంది అని అడిగేవాళ్ళకి ఇంతకంటే సూటి జవాబు ఏముంటుంది? అద్దం కంటికి కనపడదు, తగిలినప్పుడే తెలుస్తుంది.

ఐకాన్ ఇంకా చిక్కైన కథ. 1839లో ఒక అన్యగ్రహవాసి అమెరికా దక్షిణాదిన పత్తిచేలో పడతాడు. వాడి యంత్రం మొదట కనిపించిన మనిషి పోలికనే వాడికిస్తుంది. ఆ మనిషి ఒక బానిస స్త్రీ. అలా ఏ లోకం నుంచి వచ్చినా నల్లవాడుగా, బానిసగా పెరుగుతాడు. ఇక్కడ పుట్టుకంటే ఏమిటో ఒక్క బొమ్మలో తేలిపోయింది. చుక్కల్లోంచి ఊడిపడ్డవాడికి కూడా ఏ గుడిసెలో కళ్ళు తెరిచాడన్నదే లెక్క.

వందేళ్ళు దాటాక అతను అగస్టస్ ఫ్రీమన్ అనే ధనిక లాయరు. ఎవరి కష్టంతో వాళ్ళే పైకి రావాలంటాడు. ఈయన మనకి కొత్తవాడా? వాడ విడిచి కాలనీకి వెళ్ళి, వెనక్కి తిరిగి 'మీరూ కష్టపడండి' అని చెప్పే పెద్దమనిషిని మనమెరగమా? ఆయన ఇంటికి దొంగతనానికొచ్చిన గుంపులో రాకెల్ ఎర్విన్ అనే పేద పిల్ల ఉంటుంది. రచయిత్రి కావాలని ఆమె కోరిక. ఇంత బలముండీ ఇన్నేళ్ళు ఏంచేస్తున్నావని ఆయన్ని నిలదీస్తుంది. ఆయన ఐకాన్ అయింది ఆ నిలదీత వల్లే. ఆమె రాకెట్ అయింది. ఒంటిమీద పడ్డ దెబ్బల శక్తిని దాచుకుని తిరిగి కొట్టే బెల్టు ఆమెది. గర్భవతై, పెళ్ళి కాకుండానే తల్లయి కూడా కథలో నిలబడుతుంది. సూపర్‌హీరో పుస్తకాల్లో అలాంటి పిల్లకి చోటెక్కడుంది?

అయినా ఒక మాట అనక తప్పదు. పేరు అతనిది, బెల్టు అతని ఓడలోది. ప్రశ్న వాడ పిల్లది, పుస్తకం మీద పేరు మాత్రం లాయరు గారిది. మెక్‌డఫీ ఆ తగువుని దాచలేదు, దాన్నే కథ చేశాడు. కానీ తెంచనూ లేదు. ఎవరో ఒకరు ఆకాశంలోంచి దిగి ఉద్ధరిస్తారన్న అవతార భావన నల్లరంగు వేసుకున్నంత మాత్రాన మారదు.

రంగు మాటా చెప్పుకోవాలి. పాత కామిక్స్ అచ్చులో నల్లవాళ్ళందరిదీ దాదాపు ఒకే గోధుమరంగు. మైల్‌స్టోన్ వాళ్ళు నోయెల్ గిడింగ్స్ అనే చిత్రకారిణి చేత చేతితో రంగులు వేయించి ఒక్కో మనిషికి ఒక్కో ఛాయ ఇచ్చారు. మన సంగతేంటి? 1967లో మొదలైన అమర్ చిత్రకథలో రాక్షసుడంటే నల్లటి ఒళ్ళు. 1979లో అంబేడ్కర్ పుస్తకమూ అందులో వచ్చింది. 2011లో గోండు కళాకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాంల బొమ్మలతో 'భీమాయణ' వచ్చాక గానీ ఆ గీతే వేరని తెలియలేదు. అయితే ఇవన్నీ గతం గురించినవి. మన రేపటి గురించి బొమ్మ గీసిందెవరు?

స్టాటిక్ హీరో అసలు పేరు వర్జిల్ హాకిన్స్. 1949లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లా సీటు అడిగి, నల్లవాడన్న కారణంగా కాదనిపించుకున్న మనిషి పేరది. ఆయన పోరాటం వల్ల 1958లో ఆ తలుపులు తెరుచుకున్నాయి గానీ ఆయన మాత్రం అందులో చదవలేదు. ఇక్కడ 2016లో రోహిత్ వేముల, కార్ల్ సాగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్నానని చివరి ఉత్తరంలో రాసిపెట్టి పోయాడు. చుక్కల గురించి రాయాలనుకున్నవాడికి విశ్వవిద్యాలయం వెలివాడే చూపించింది. సైన్స్ ఫిక్షన్ మనకెందుకు అనేవాళ్ళు ఆ ఉత్తరం ముందు ఏం చెప్తారు?

మైల్‌స్టోన్ కామిక్స్ 1997లో ఆగిపోయాయి. స్టాటిక్ 2000 నుంచి 2004 దాకా టీవీ బొమ్మల్లో బతికాడు. 2011లో మెక్‌డఫీ చనిపోయాడు. 2021లో డీసీయే ఆ పాత్రల్ని మళ్ళీ తెచ్చింది. బండి ఎవరిదైతే చివరికి దారీ వాళ్ళదే. కనుక మనక్కావలసింది దళిత సూపర్‌మాన్ కాదు. బొమ్మ గీసే మన పిల్లలు, అచ్చువేసే మన చేతులు, వాడవాడకీ మోసుకెళ్ళే మన మనుషులు కావాలి. రాకెల్ అడిగిన ప్రశ్న రాకెల్ పేరుతోనే అచ్చు కావాలి. బెల్టు ఒకరిచ్చేది కాకూడదు. దెబ్బలు తిన్నవాళ్ళే దాన్ని తయారుచేసుకోవాలి.