కిటికీ ఏ పక్కన ఉంది?

కథల వర్క్‌షాపుల్లో కొత్తగా రాస్తున్నవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "చూడనిది రాయొచ్చా సార్?" భేషుగ్గా రాయొచ్చు. అది చేతకాకపోతే కథకుడెందుకు? కాకపోతే ఆ చూడనిదాన్ని దేంతో కడతాం అన్నదే అసలు సంగతి. నాకు నచ్చిన జవాబు సాహిత్య విమర్శలో కాదు, మెదడు మీద జరిగిన పరిశోధనల్లో దొరికింది.

కెనడాలో కెంట్ కాక్రన్ అనే ఆయన ఉండేవాడు. 1981లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలాక, తన జీవితంలో జరిగిన ఒక్క ఘట్టం కూడా గుర్తు చేసుకోలేకపోయాడు. అయినా చదరంగం ఆడేవాడు. తోడబుట్టినవాడు చనిపోయాడని తెలుసు, ఆ కబురు విన్న ఘడియ మాత్రం గుర్తులేదు. ఆయన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టుల్వింగ్ ఓసారి "రేపు ఏం చేస్తారు?" అని అడిగాడు. ఏమీ తోచలేదు. నిన్నటి గురించి అడిగితే మనసు ఎంత ఖాళీగా ఉందో, రేపటి గురించి అడిగినా అంతే ఖాళీ. జ్ఞాపకంతోపాటు ఊహ కూడా పోయిందన్నమాట.

2007లో లండన్‌లో మెదడు శాస్త్రవేత్తలు డెమిస్ హస్సాబిస్, ఎలినార్ మగ్వైర్‌ల బృందం ఇంకో అడుగు వేసింది. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతిని మతిమరుపు వచ్చిన ఐదుగురిని, అందమైన సముద్రతీరంలో తెల్లటి ఇసుక మీద పడుకున్నట్టు ఊహించి చెప్పమన్నారు. ఒకాయనకి పక్షుల అరుపు వినిపించింది, వేళ్ల మధ్య ఇసుక తగిలింది, పైన ఆకాశం ఉంది. అంతే. అవన్నీ కలిసి ఒక చోటు కాలేదు. ఐదుగురిలో నలుగురిది ఇదే అవస్థ. అమెరికాలో లారీ స్క్వైర్ అనే మరో పరిశోధకుడి బృందానికి మాత్రం ఇలాంటి రోగులు రేపటిని బాగానే ఊహిస్తూ కనిపించారు. ఆ తగువు శాస్త్రవేత్తలు తేల్చుకుంటారు.

నన్ను పట్టుకున్నది ఆ 'చోటు' సంగతి. నా దగ్గరికొచ్చే కథల్లో గోదావరి ఉంటుంది, పడవ ఉంటుంది, పూతరేకుల పొట్లం కూడా ఉంటుంది. రేవు నుంచి ఇంటికి ఎటు నడవాలో మాత్రం రాసినవాళ్లకే తెలియదు. వీళ్ల జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉంది. అయినా సొంత జ్ఞాపకాన్ని వాడరు, సినిమాల్లో చూసినవి తెచ్చి పేరుస్తారు. అందుకే నేను ఇతివృత్తం జోలికి వెళ్లేముందు అడుగుతాను: వంటింట్లోంచి వీధి కనిపిస్తుందా? ఆమె పిలిస్తే అతనికి వినిపిస్తుందా? జవాబు కోసం వాళ్లు అమ్మమ్మగారింట్లోకో, పాత అద్దె గదిలోకో వెళ్లి వెతుక్కుంటారు. అక్కణ్ణుంచి కథ కదులుతుంది.

కాబట్టి వచ్చే నెల కథలు పంపేవాళ్లకి ఒక మనవి. కథ చంద్రుడి మీద జరిగినా నాకు అభ్యంతరం లేదు. మీ మనిషి ఏ గుమ్మంలోంచి లోపలికొచ్చాడో, కిటికీ అతనికి ఏ పక్కన ఉందో చూసుకుని మరీ పంపండి.