మోటారు కాదు, మూతి చూడాలి

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గరైనా ఆర్పీ రోడ్డులోనైనా షాపులోకి వెళ్లి వ్యాక్యూమ్ క్లీనర్ చూపించమంటే ముందు వినపడేది వాట్ల లెక్కే. ఇది పద్నాలుగొందలు, అది పదహారొందలు, ఆ పై మోడల్ రెండువేలు అంటారు. కార్డ్‌లెస్ రకాలు వచ్చాక వాట్లు పోయి పాస్కళ్లు వచ్చాయి. అంకె మారింది తప్ప బేరం తీరు మారలేదు. ఇంట్లో చెక్క ఫ్లోరింగ్ వేయించుకున్నవాళ్లు, అంత ఖర్చు పెట్టి వేయించుకున్న నేల కదా అని, ఆ వరసలో అన్నింటికన్నా పెద్ద అంకె ఉన్నదాన్ని మోసుకుని ఇంటికొస్తారు. చెక్క నేల మీద ఆ అంకెకు దాదాపు పనే లేదని, చూడాల్సింది పైపు చివర నేలకు ఆనే మూతినని నా వాదన. షాపువాళ్లు దాన్ని బ్రష్ అనో, హెడ్ అనో, నాజిల్ అనో అంటారు. పెట్టె అడుగున ఎక్కడో కవరు చుట్టి ఉంటుంది, అడిగితే తప్ప బయటికి తీయరు.

ముందు మన దుమ్ము సంగతి చూడాలి. సికింద్రాబాద్ గ్రానైటు మీద కూర్చున్న ఊరు. మౌలాలి గుట్ట చూసినా, తిరుమలగిరి వైపు ఇళ్ల మధ్య మిగిలిన బండలు చూసినా తెలిసేది అదే. ఆ రాయి ఎండకూ వానకూ చివికి రాలితే అందులోని మిగతా ఖనిజాలు మెల్లగా మట్టైపోతాయి, క్వార్ట్జ్ మాత్రం గింజగింజగా మిగిలిపోతుంది. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7, కిటికీ అద్దానిది సుమారు ఐదున్నర. చెక్క మీద వేసే పాలిష్ ఎంత ఖరీదైన పాలీయురేథేన్ అయినా అద్దం దరిదాపులకు కూడా రాదు. దీనికి తోడు రోబో శాండ్. నది ఇసుక కరువయ్యాక కట్టడాల్లోకి వచ్చింది క్రషర్‌లో గ్రానైటును నలగ్గొట్టి తీసిన ఈ ఇసుకే. నదిలో దొర్లిన రేణువుకు అంచులు అరిగి గుండ్రబడతాయి. క్రషర్‌లో పగిలినదానికి పదును అలాగే ఉంటుంది. మారేడుపల్లిలోనో సైనిక్‌పురిలోనో పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతున్న వీధిలో ఉంటే, చెప్పులు బయటే విడిచినా ఇది బాల్కనీ తలుపులోంచి వస్తుంది, కూరగాయల సంచి అడుగున అంటుకుని వస్తుంది, పిల్లల సైకిల్ చక్రంతో వస్తుంది. నేల మీద పడినంత మాత్రాన రేణువు ఏమీ చేయదు. దాని మీద బరువు పడి, ఆ బరువు జరిగినప్పుడే గీత పడుతుంది. ఆ బరువు కుర్చీ కాలు కావచ్చు, మడమ కావచ్చు, శుభ్రం చేసే యంత్రమే కావచ్చు. రోజూ గది నాలుగు మూలలా తిరిగేది మాత్రం ఆ చివరిదే.

ఈ యంత్రం పుట్టిందేమో తివాచీల కోసం. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ గుర్రబ్బండి మీద పంపు పెట్టి వీధిలో నిలిపి, కిటికీల్లోంచి పొడవాటి గొట్టాలు లోపలికి పంపి దుమ్ము లాగించాడు. 1908లో అమెరికాలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ పేటెంటు హూవర్ కుటుంబం చేతికి వెళ్లింది. అందులో తిరిగే బ్రష్ ఉంది. తివాచీలో దుమ్ము పోగుల మధ్యకు దిగిపోతుంది కాబట్టి దాన్ని కదిలించాలి, కదిలినదాన్ని బలంగా లాగాలి. మోటారు బలానికీ, గరుకు బ్రష్షుకీ గౌరవం వచ్చింది అక్కడ. చెక్క నేల మీద దుమ్ము పైపైనే ఉంటుంది. కొట్టనక్కర్లేదు, ఎత్తుకుపోతే చాలు. మన దగ్గర 1982లో మొదలైన యూరేకా ఫోర్బ్స్ సేల్స్‌మన్లు ఈ వస్తువును ఇంటింటికీ పరిచయం చేశారు. వాళ్ల డెమో అంటే పరుపులోంచి దుమ్ము తీసి చూపించడమే చాలామందికి గుర్తు. బండపరుపు ఇళ్ల దేశంలో కూడా యంత్రం గొప్పతనాన్ని పరుపు మీదే నిరూపించాల్సి వచ్చిందంటే, నేల సంగతి మొదటినుంచీ రెండో వరసలోనే ఉందన్నమాట.

వాట్ల మీద నా అనుమానానికి గట్టి ఆధారం యూరప్‌లో దొరుకుతుంది. అక్కడ ఇళ్లలో వాడే వ్యాక్యూమ్ క్లీనర్లు 1600 వాట్లు దాటకూడదని 2014 సెప్టెంబరులో నిబంధన వచ్చింది. 2017 సెప్టెంబరులో దాన్ని 900కు దించారు. రెండువేల వాట్ల వాటికి అలవాటు పడ్డ జనం గగ్గోలు పెట్టారు. తర్వాత ఏమీ మునిగిపోలేదు. కంపెనీలు గాలి దారినీ మూతినీ మెరుగుపరచి అదే పని చేయించాయి. వాట్ల అంకె మోటారు ఎంత కరెంటు తాగుతుందో చెబుతుంది, నేల మీంచి ఎంత తీస్తుందో చెప్పదు. పాస్కళ్లది ఇంకో తమాషా. ఆ అంకె కొలిచేటప్పుడు పైపును పూర్తిగా మూసేస్తారు. గాలి కదలని చోట ఎంత బలంగా లాగుతోందన్నది ఆ లెక్క. దుమ్మును మోసుకెళ్లేది కదిలే గాలి. అదే యూరప్‌లో అప్పట్లో ఈ మెషిన్లకు అతికించే లేబుల్ మీద కార్పెట్‌కు ఒక గ్రేడు, గట్టి నేలకు వేరే గ్రేడు ఉండేవి. గట్టి నేల పరీక్షలో సన్నని గాడిలోంచి దుమ్ము ఎంత తీస్తుందో చూసేవారు. ఒకే మోటారుతో రెండు వేర్వేరు గ్రేడులు వస్తున్నాయంటే తేడా మోటారులో లేనట్టే కదా. అయితే ఆ లేబులూ నిలవలేదు. సంచి ఖాళీగా ఉన్నప్పుడు చేసే పరీక్ష ఇంట్లో వాడకానికి సరిపోలదని డైసన్ కంపెనీ కోర్టుకెక్కింది, 2018 నవంబరులో లేబుల్ రద్దయింది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. కానీ అదీ ప్రయోగశాల అంకెను గుడ్డిగా నమ్మొద్దనే చెబుతోంది.

సరే, మూతిలో ఏం చూడాలి? తిరగేసి వెలుతురులో పట్టుకోవాలి. ముందు చక్రాలు. గట్టి ప్లాస్టిక్ చక్రం ఇసుక రేణువు మీదుగా దొర్లితే రేణువు నేలలోకి నొక్కుకుంటుంది. రబ్బరు చక్రం కొంత నయం, కానీ మెత్తని రబ్బరులో రేణువు దిగబడి అక్కడే ఉండిపోతే ప్రతి చుట్టుకీ గీస్తుంది. అందుకే వాడుతున్న మూతినైనా నెలకోసారి తిప్పి చక్రాల మీద బొటనవేలు రాసి చూడాలి. గరుగ్గా తగిలితే పాత టూత్‌బ్రష్‌తో తీసేయాలి. తర్వాత అంచు. బ్రష్ కుచ్చు ప్లాస్టిక్ అంచుకన్నా కిందికి దిగి ఉండాలి, చుట్టూ ఉండాలి. గుర్రపు వెంట్రుకల కుచ్చు మంచిది, మెత్తని నైలాన్ ఫర్వాలేదు. కుచ్చు అరిగి ప్లాస్టిక్ నేలకు తాకుతున్న రోజు ఆ మూతి పని అయిపోయినట్టే. ముందువైపు చిన్న చిన్న ఖాళీలు ఉండాలి. లేకపోతే పెద్ద గింజలు లోపలికి రాకుండా మూతికి ముందే దొర్లుకుంటూ పోతాయి. పావుకప్పు బొంబాయి రవ్వ, నాలుగు బియ్యం గింజలు పొట్లం కట్టుకుని షాపుకు తీసుకెళ్లి నేల మీద పోసి ఒక్కసారి లాగించమనడం అన్ని అంకెలకన్నా మంచి పరీక్ష. షాపతను మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి, డబ్బు మనది. ఇక మోటారుతో తిరిగే రోలర్ ఉన్న రకాల్లో గరుకు కుచ్చు రోలర్‌ను ఆపే స్విచ్ ఉండాలి, లేదా మఖమల్‌లాంటి మెత్తని రోలర్ విడిగా ఇవ్వాలి. జడలు వేసుకునేవాళ్లున్న ఇంట్లో రోలర్ రెండు చివరలా వెంట్రుకలు చుట్టుకుంటాయి, అది పనిముట్టు లేకుండా చేత్తో ఊడి రావాలి. దుమ్ము కనపడేలా మూతికి లైటు పెట్టి అదనంగా వసూలు చేసే మోడళ్లు ఇప్పుడు బాగా వస్తున్నాయి. ఫోన్ టార్చ్ నేలకు ఆనించి పెట్టినా అదే కనపడుతుంది.

అసలు సికింద్రాబాద్‌లో చెక్క నేల ఎంతమందికి ఉందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కొత్త ఫ్లాట్ల బెడ్‌రూముల్లో వుడెన్ ఫ్లోరింగ్ పేరుతో వేసేది చాలాచోట్ల చెక్కే కాదు, చెక్కపొడిని అదిమి చేసిన పలక మీద చెక్క బొమ్మ అతికించిన లామినేట్. దాని పైపొరలో అల్యూమినియం ఆక్సైడ్ కలుపుతారు కాబట్టి గీతలకు టేకు పాలిష్ కన్నా బాగా తట్టుకుంటుంది. తీరా గీత లోతుగా పడితే మాత్రం టేకును చిత్రిక పట్టి మళ్లీ పాలిష్ చేసినట్టు దాన్ని చేయలేం, పలక మార్చాల్సిందే. గుమ్మం దగ్గర పట్టీ తీసి పలక అంచు చూస్తే మనది ఏదో తెలిసిపోతుంది. ఇక బండల ఇళ్లవాళ్లు కూడా ఇది తమకు పట్టని గొడవ అనుకోనక్కర్లేదు. తాండూరు బండ సున్నపురాయి. మోస్ లెక్కలో అదీ, పాలరాయీ 3 దగ్గరే ఆగుతాయి. హాలు మధ్యలో నడిచే దారి వెంట తాండూరు బండ మెరుపు పోవడం, సోఫా కింద అలాగే ఉండడం చూడని ఇల్లు ఉండదు. ఆ పని చేసింది కూడా ఈ క్వార్ట్జే. విట్రిఫైడ్ టైల్స్ ఉన్నవాళ్లు మాత్రం ఏ మూతి కొన్నా నడుస్తుంది.

దీనికన్నా గట్టి అభ్యంతరం చీపురుది. నేలను గీకని వస్తువు ఏదని అడిగితే కొండచీపురును మించింది లేదు. దాని ఈనెలు ఏ పాలిష్ కన్నా మెత్తన. ఇంట్లో పనికి వచ్చే ఆమె పది నిమిషాల్లో గది ఊడ్చేసి వెళ్తుంది, కరెంటు అక్కర్లేదు, చప్పుడు లేదు. ఇదంతా ఒప్పుకుంటాను. టైల్స్ ఇంట్లో చీపురును మానేయాలనడానికి నా దగ్గర కారణమేమీ లేదు. చెక్క నేలకు ఉన్న చిక్కు పలకల మధ్య సందులది. చెక్క పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం గాలిలో తేమను బట్టి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి ఎండిపోయినప్పుడు సందులు తెరుచుకుంటాయి. చీపురు సగం దుమ్మును ముందుకు తోస్తుంది, సగాన్ని ఆ సందుల్లోకి నెడుతుంది, సన్నని పొడిని గాల్లోకి లేపుతుంది. జూలై, ఆగస్టుల్లో పలకలు ఉబ్బి సందులు మూసుకున్నప్పుడు లోపలి ఇసుక రెండు అంచుల మధ్య ఇరుక్కుని వాటిని నలుపుతుంది. కాబట్టి చెక్క నేలకు ఏడాది మొత్తంలో గట్టిగా లాగించాల్సిన రోజులు మృగశిర కార్తెకు ముందువి. సన్నని మూతి పెట్టి పలకల పొడవునా సందు వెంట నెమ్మదిగా పోవాలి. ఆ కాస్త పనికి గాలి లాగుడు బలం కొంచెం ఉపయోగపడుతుందన్నది నిజమే. ఇక్కడ మాత్రం మోటారుకు నేను ఓ మార్కు ఇస్తాను.

తడిబట్ట కూడా తానే పెట్టే రోబోల గురించి చెప్పకపోతే ఈ రోజుల్లో మాట పూర్తికాదు. రోజూ ఊడ్చడం వరకు రోబో మంచిదే. ఇసుక పడిన రోజే తీసేస్తే నొక్కుకునే అవకాశమే ఉండదు, మెత్తని రోలర్ ఉన్నది చూసుకుంటే చాలు. ముందువైపు గుండ్రంగా తిరిగే చిన్న చక్రం గట్టి ప్లాస్టిక్‌ది ఉంటుంది, దాన్నీ తుడుస్తూ ఉండాలి. తడి విషయంలోనే నాకు ఒప్పుదల లేదు. పూర్తిగా ఊడ్వకముందే తడిగుడ్డ లాగితే మిగిలిన ఇసుక ఆ గుడ్డకు అంటుకుంటుంది, ఆపైన గుడ్డ ఉప్పుకాగితమే. లామినేట్ సందులోకి నీళ్లు దిగితే అంచులు ఉబ్బి లేస్తాయి, అవి మళ్లీ అణగవు. చెక్కకు బాగా పిండిన బట్ట, అదీ ఎప్పుడో ఒకసారి.

ఫిల్టర్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గుమ్మం ముగ్గులోంచి పాదాలతో వచ్చే తెల్ల పొడి, అగరుబత్తి బూడిద నేలను గీకవు కానీ ఫిల్టర్‌ను త్వరగా పూడుస్తాయి, కడిగి వాడుకునే రకం ఉంటే సుఖం. ఉబ్బసం ఉన్నవాళ్ల ఇంట్లో డబ్బా దులిపేటప్పుడు లేచే పొగ కంటే మూతికట్టి పారేసే సంచీ మేలు, ఆ సంచీలు ఏడాది తర్వాత కూడా దొరుకుతాయో లేదో కొనేముందే అడగాలి.

మూతే ముఖ్యమన్నాక, పని చేసే మోటారు ఇంట్లో ఇప్పటికే ఉన్నవాళ్లు కొత్త మెషిన్ కొనాల్సిన పనే లేదు. చెక్క నేల కోసం చేసే పార్కే బ్రష్ విడిగా దొరుకుతుంది, మొత్తం మెషిన్ ధరలో అది చిన్న వంతు. గొట్టాలు ఎక్కువగా 32 లేదా 35 మిల్లీమీటర్లవి వస్తాయి. బ్రష్ ఎక్కేది గొట్టం చివర బయటివైపున కాబట్టి వ్యాసం బయటినుంచి కొలవాలి. క్లిప్పుతో బిగించే రకమైతే ఆ కంపెనీదే అడగాలి. రెండు కొలతలకీ సరిపోతుందని అమ్మే రబ్బరు అడాప్టర్‌తో ఎక్కిస్తే, మెషిన్ ఆన్ చేసి అతుకు దగ్గర సన్నని కాగితం ముక్క పెట్టి చూడండి. కాగితం అక్కడే అతుక్కుంటే మూతి దగ్గరికి వెళ్లాల్సిన గాలి దారిలోనే దూరుతోందన్నమాట, ఆ బ్రష్ వెనక్కి ఇచ్చేయొచ్చు.