ఎడమ కాలి టోర్నమెంటు

ఇప్పటి కుర్రాళ్ళకు చెబితే వేళాకోళం అనుకుంటారు. ఒకప్పుడు హైదరాబాద్‌లో కుర్రాళ్ళకు ఒక ఫుట్‌బాల్ టోర్నమెంటు పెట్టేవారు, అందులో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడి కాలివాటం వాడు ఎడమ కాలితో తంటాలు పడాల్సిందే. ఇంకో టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందితే చాలు, వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. మరో దాంట్లో ఎత్తు కొలిచి పొట్టివాళ్ళనే ఆడనిచ్చేవారు. ఈ విచిత్రాలన్నీ ఒక బడిపంతులు బుర్రలోంచి పుట్టాయి. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. తెలిసినవాళ్ళకు రహీమ్ సాబ్.

ఆత్మకూరులో కూర్చుని హైదరాబాద్ ఫుట్‌బాల్ గోల మనకెందుకని అడుగుతారేమో. మనకే కావాలి. ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు, మర్రిపాడు, ఏ ఊరి కాలేజీ జట్టు కథైనా ఒకటే. ఒక ఏడాది ఎక్కణ్ణుంచో మెరికలాంటి కుర్రాడొకడు చేరతాడు. బాస్కెట్‌బాల్ కానీ, వాలీబాల్ కానీ, కబడ్డీ కానీ, ఆ ఏడాది కప్పు వస్తుంది, ప్రిన్సిపాల్ గారి గదిలో అద్దాల బీరువాలోకి వెళుతుంది. డిగ్రీ అయిపోగానే కుర్రాడు బెంగుళూరు బస్సెక్కుతాడు. మరుసటి ఏడాది విక్రమ సింహపురి యూనివర్సిటీ పోటీలకు పోతే మొదటి రౌండులోనే మూటాముల్లె సర్దుకోవాలి. మూడేళ్ళు తిరిగేసరికి జట్టంతా మారిపోయే చోట గెలుపు నిలవడం ఎలా? తెలుగునేల మీద ఈ ప్రశ్నకు ఒకే ఒక్క గట్టి జవాబు దొరికింది. అది రహీమ్ సాబ్ చేతిలోని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. నేను ఆ జట్టు పక్షం. కలకత్తా అభిమానులకు కోపమొచ్చినా ఏం చెయ్యలేను.

చరిత్ర చాలా ఉంది కానీ క్లుప్తంగా ముగిస్తాను. దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. బొంబాయి రోవర్స్ కప్పు, ఢిల్లీ, సిమ్లాల డ్యురాండ్ కప్పు చాలా ఏళ్ళు తెల్లవాళ్ళ పటాలాల సొత్తు. రోవర్స్‌ను మొదట గెలిచిన భారతీయ జట్టు బెంగుళూరు ముస్లిమ్స్, 1937లో. డ్యురాండ్‌ను మొదట గెలిచింది కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్, 1940లో. ఆ పెద్ద పంక్తిలో హైదరాబాద్‌కు విస్తరి లేదు. యుద్ధకాలంలో బెంగుళూరులో యాష్ గోల్డ్ కప్పు ఫైనల్లో మన పోలీసులు రాయల్ ఎయిర్ ఫోర్స్ వాళ్ళను ఓడించారనీ, ఆ జట్టులో ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా ఉన్నాడనీ పాతతరం మురిపెంగా చెప్పుకునేది. ఆ తర్వాత 1950 వచ్చింది. రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీస్ చేతికి చిక్కింది, 1954 దాకా ఐదేళ్ళు వరసగా వాళ్ళు దాన్ని వదల్లేదు. 1950లోనే డ్యురాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను మట్టి కరిపించారు. సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కు 1956-57లోనూ, 1957-58లోనూ దక్కింది.

ఐదేళ్ళు వరసగా! ఒక్క తరం మెరికలతో ఇది సాధ్యమయ్యే పని కాదు. మంచి ఆటగాడు కనబడితే చాలు, కలకత్తా క్లబ్బులు డబ్బు ఆశ చూపి ఎత్తుకుపోయేవి. మన కాలేజీకి డిగ్రీ పట్టా ఎలాంటిదో హైదరాబాద్‌కు కలకత్తా రైలు అలాంటిది. అయినా రహీమ్ సాబ్ పోయినవాడి కోసం ఏడుస్తూ కూర్చోలేదు. వాడి వెనక వరసలో ఇంకొకడు అప్పటికే సిద్ధంగా ఉండేవాడు. ఆ వరసను తయారుచేసింది ఆ వింత టోర్నమెంట్లే.

మొదట డ్రిబ్లింగ్ నిషేధం సంగతి. మన కుర్రాడికి బంతి దొరికితే ఏం చేస్తాడు? తల వంచుకుని ముగ్గుర్ని దాటాలని చూస్తాడు, ఇద్దర్ని దాటతాడు, మూడోవాడి కాళ్ళకి అప్పగిస్తాడు. గట్టున ఉన్నవాళ్ళు ఈలలు వేస్తారు, గోలు మాత్రం రాదు. డ్రిబ్లింగ్ చేస్తే తప్పని రూలు పెడితే ఆ పిల్లాడికి తప్పించుకునే దారి లేదు. బంతి వచ్చాక ఆలోచించుకునే వ్యవధి ఉండదు, కాబట్టి రాకముందే తలెత్తి చూసుకోవాలి, ఎవడు ఖాళీగా ఉన్నాడో, ఎవడు పరిగెత్తుతున్నాడో. అసలు కిటుకు ఇంకొకటి ఉంది. బంతి ఉన్నవాడు ఆగకూడదంటే తక్కిన పదిమందీ నిలబడి చూస్తూ ఉండటానికి వీల్లేదు. పాసు అందుకోవడానికి వాళ్ళు ఎప్పుడూ ఏదో ఒక ఖాళీలోకి జరుగుతూనే ఉండాలి. రూలు ఒక్కడి కాళ్ళకు, శిక్షణ పదకొండు మందికి! హైదరాబాద్ ఆట అంటే ఒక్క తాకుడు పాసులు అన్న పేరు ఇక్కణ్ణుంచే వచ్చింది. గంటల తరబడి ఉపన్యాసం దంచినా పిల్లాడికి ఎక్కని విషయాన్ని ఒక్క నిబంధనతో ఎక్కించడం బడిపంతులికే చేతనవుతుంది. రహీమ్ సాబ్ కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళల్లో పాఠాలు చెప్పిన మనిషి మరి.

ఎడమ కాలి పోటీ కూడా ఇంతే లోతైనది. ఒంటికాలి ఆటగాణ్ణి కాపు కాయడం సులువు, వాడు ఎప్పుడూ ఒకే పక్కకు తిరుగుతాడు. రెండు కాళ్ళూ ఆడేవాడికి కాపు కాసేవాడు ఎటు మొగ్గాలో తెలియక గుటకలు మింగుతాడు. బాస్కెట్‌బాల్‌లో ఎడమ చేత్తో లే-అప్ వెయ్యలేని కుర్రాణ్ణి రింగు కుడి పక్కన ఎలా మూసేస్తారో మన కాలేజీ కోర్టుల్లో చూస్తూనే ఉన్నాం కదా. ఎడమ చెయ్యి నేర్చుకోరా అబ్బాయ్ అని పీడీ సారు పదిసార్లు అంటాడు. వాడు పదిసార్లూ తలూపి, మ్యాచిలో కుడి చెయ్యే వాడతాడు, ఓడిపోతే తిట్లు పడతాయి కాబట్టి. ఎడమ చేతి పోటీలో ఆ భయం ఉండదు, అందరూ అవకతవకగానే ఆడతారు. నామోషీ లేకుండా తప్పులు చేసే చోటొకటి దొరికితే ఆట దానంతటదే వస్తుంది.

ఎత్తు పరిమితి పోటీని చాలామంది మర్చిపోయారు. నన్నడిగితే మూడింటిలో అదే గొప్పది. పద్నాలుగేళ్ళకే మీసాలొచ్చి ఎదిగిన పిల్లాడు సన్నపిల్లాణ్ణి భుజంతో తోసి గెలుస్తాడు, సెలెక్షన్‌లో వాడి పేరే పిలుస్తారు. ఆ సన్నపిల్లాడి పాదాల్లో ఉన్న పనితనం ఎవరి కంటా పడకుండానే ఇంటికి పోతుంది. ఎత్తు కొలిచి పొట్టివాళ్ళను పొట్టివాళ్ళతోనే ఆడించారనుకోండి, మిగిలేది పనితనమే. మా ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే అక్కలను చూస్తే నాకు రహీమ్ సాబే గుర్తొస్తాడు. నర్ది చెక్కో, బిక్కి చెక్కో, దుర్గం కొండల్లో దొరికే ఆ చిన్న కట్టెలను సామాను మండీలో పట్టించుకునేవాడు ఉండడు. అదే చెక్క రంపం కిందా ఆకురాయి కిందా ఓపిగ్గా తిరిగాక 2015లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న చెంచా అవుతుంది.

రహీమ్ సాబ్ బడిలోంచి వచ్చినవాళ్ళ పేర్లు చెప్పమంటే నాకు ఆపడం రాదు. అమ్ముగూడ పిల్లాడు తులసీదాస్ బలరాం. పేదింటివాడు. శిక్షణకు రావడానికి సైకిలు అద్దెకు కూడా డబ్బుల్లేకపోతే రహీమ్ సాబే ఇచ్చేవాడట. ఆ పిల్లాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టాడు, పెరూ మీదా కొట్టాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం, ఈ ముగ్గుర్నీ కలిపి దేశం ఇప్పటికీ తలచుకుంటుంది. పద్మ పురస్కారం మాత్రం ఆయన దాకా రాలేదు, 2023లో కన్నుమూశాడు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ హెల్సింకీకీ వెళ్ళారు, మెల్‌బోర్న్‌కీ వెళ్ళారు. యూసుఫ్ ఖాన్‌ను ఫార్వర్డ్ అంటే ఫార్వర్డ్, హాఫ్ అంటే హాఫ్, ఎక్కడ నిలబెట్టినా సరే. తర్వాతి తరంలో 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన కెప్టెన్ నయీముద్దీన్. ఇక మహమ్మద్ హబీబ్! ఉద్యోగం వద్దని ఆటనే నమ్ముకుని, 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవాడు. కలకత్తా ఆయన్ను ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకుంది. పెంచి పంపింది మాత్రం మనం. ఈ లెక్క వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకపోతే పోనీ.

రహీమ్ సాబ్ చేతిలో భారత జట్టు ఏం చేసిందో లోకం ఎరిగినదే. 1952 హెల్సింకీలో చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. అదే జట్టుకు నాలుగేళ్ళు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద 4-2 గెలుపు, సెమీఫైనల్, నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కు చేరిన తొలి ఆసియా జట్టు మనదే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో తల పగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు, వాడు గోలు కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1, బంగారు పతకం. అప్పటికే క్యాన్సర్ ఆయన ఊపిరితిత్తులను తినేస్తోంది. 1963 జూన్ 11న పోయాడు. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ బంగారం మళ్ళీ మన గడప తొక్కలేదు. ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిందీ ఒక్కసారే, 1965-66లో.

ఆయన పోయాక ఎవరో వచ్చి హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను కూల్చలేదు. మనమే కూల్చుకున్నాం. మైదానాలు బిల్డింగులయ్యాయి, సంఘాలు ముఠాలయ్యాయి, లీగులు ఒక ఏడాది ఉండి ఒక ఏడాది ఊడాయి. డబ్బు చాలకపోవడం నిజమే, నేను కాదనను. కానీ ఎత్తు కొలిచే కర్రకు ఎంతవుతుంది? ఎడమ కాలికి అద్దె కట్టాలా? పైసా ఖర్చు లేని పోటీలే ముందు ఆగిపోయాయి, అదే నా కడుపుమంట. ఖర్చున్నవేమో పుట్టుకొస్తూనే ఉన్నాయి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది, నగరం పొంగిపోయింది, మూడేళ్ళు తిరిగేసరికి ఆ క్లబ్బు ఢిల్లీకి మకాం మార్చేసింది. కొన్న ఆటగాళ్ళతో గెలిచిన కప్పు కొన్న సామానుతో పాటే లారీ ఎక్కుతుంది. పాతబస్తీ కుర్రాళ్ళకు దాంట్లోంచి ఏం మిగిలింది?

ఇక వీధివీధికీ వెలసిన ‘అకాడమీ’ల సంగతి. ప్లాస్టిక్ గడ్డి పరిచిన బోను, నాలుగు లైట్లు, యూరపు క్లబ్బు రంగుల్లో జెర్సీ, నెల ఫీజు. ప్లాస్టిక్ కోన్ల మధ్య వంకరటింకర పరుగు, పక్కన తల్లిదండ్రులు వీడియో. పిల్లాడికి తప్పు చేసే స్వేచ్ఛ లేదు, పాసు ఇవ్వాల్సిన బలవంతమూ లేదు. దీన్ని కోచింగ్ అంటే రహీమ్ సాబ్ సమాధి కదులుతుంది. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చి ఆయన పేరు నాలుగు ఇళ్ళకు చేరింది, సంతోషమే. చూసినవాళ్ళు జకార్తా గోలుకు చప్పట్లు కొట్టి వచ్చారు. ఎడమ కాలి పోటీ పెడదామని ఒక్క స్కూలూ అనుకున్నట్టు వినలేదు.

మన కాలేజీల వాళ్ళు చేసేది ఇంకా నాసి పని. యూనివర్సిటీ పోటీలు నెల రోజులున్నాయనగా బయట బాగా ఆడే కుర్రాణ్ణి వెతికి తెచ్చి ఏదో ఒక కోర్సులో పేరు రాయించడం. వాడు క్లాసు మొహం చూడడు, వాడి పక్కన ఆడే మన పిల్లలు బంతి మొహం చూడరు. కప్పు వచ్చిందని ఊరేగిస్తారు. ఆ ఊరేగింపులో వెనక నడిచే ఇంటర్ పిల్లాడికి ఆ ఏడాది కోర్టు మీద పది నిమిషాలైనా దొరికాయా అని అడిగేవాళ్ళు లేరు. వచ్చే మూడేళ్ళ జట్టు వాడే కదా!

అందుకని ఆత్మకూరు, ఉదయగిరి కాలేజీల పీడీ సార్లకు నా విన్నపం. జట్టును పోటీలకు పంపే ముందు కాదు, జూన్‌లో కొత్త పిల్లలు చేరగానే మొదలుపెట్టండి. ఇంటర్ పిల్లలకు డ్రిబ్లింగ్ లేని బాస్కెట్‌బాల్ పోటీ పెట్టండి, బంతి నేలకు తాకితే అవతలి జట్టుకు. దసరా సెలవుల ముందు ఎడమ చేతి పోటీ, కుడి చేత్తో వేసిన బుట్ట చెల్లదు. సంక్రాంతికి ఊళ్ళల్లో వాలీబాల్, కబడ్డీ ఎలాగూ జరుగుతాయి, నాయకుల ఫ్లెక్సీల ఖర్చులో పదో వంతు తీసి ఎత్తు పరిమితి జట్లకు వేరే బహుమతి పెట్టించండి. ఎత్తు కొలిచే పని సీనియర్లకు కాకుండా హైస్కూలు డ్రిల్లు మాస్టారికి అప్పగించండి, మొహమాటాలు ఉండవు. మూడేళ్ళ పాటు కప్పు గురించి ప్రిన్సిపాల్ గారు అడగకూడదని ముందే మాట తీసుకోండి. రహీమ్ సాబ్ ఆట రుచి తెలిసిన పాత ఆటగాళ్ళు హైదరాబాద్‌లో ఇంకా ఉన్నారు. వార్షికోత్సవానికి సినిమా వాళ్ళ కోసం తిరిగే బదులు వాళ్ళలో ఒకర్ని పిలవండి, వేదిక మీద శాలువా కప్పి పంపెయ్యకుండా రెండు రోజులు ఉంచుకుని పిల్లలతో ఆడించండి.