కీర్తనలో ప్రార్థన: పల్లవి తిరిగి వచ్చినప్పుడు

ఎక్కువ మాటలు పలికినంత మాత్రాన దేవుడు ఆలకిస్తాడని అనుకోవద్దని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు శిష్యులను హెచ్చరిస్తాడు. తెలుగు క్రైస్తవ కీర్తన మాత్రం ప్రతి చరణం తర్వాతా పల్లవిని మళ్ళీ పాడిస్తుంది. అలాంటప్పుడు అది ప్రార్థన అవుతుందా, లేక యేసు వద్దన్న పునరుక్తే అవుతుందా?

ఈ ప్రశ్నకు అదే సువార్త 26వ అధ్యాయం తోడ్పడుతుంది. గెత్సేమనేలో యేసు మూడుసార్లు ప్రార్థిస్తాడు. మూడోసారి కూడా అవే మాటలు పలికాడని మత్తయి ప్రత్యేకంగా చెబుతాడు. అయితే మొదటి రెండు ప్రార్థనలను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిదానిలో గిన్నె తొలగాలన్న కోరిక ముందు వస్తుంది, తండ్రి చిత్తం తర్వాత వస్తుంది. రెండవదానిలో ఆ గిన్నె తాగక తప్పదన్న అంగీకారం కనిపిస్తుంది. రాబోయే శ్రమ అలాగే ఉంది. ప్రార్థించేవాడి మనసు ఒక మెట్టు కదిలింది.

పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలను ఈ దృష్టితో పరిశీలించవచ్చు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఈయన 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఆయన ‘త్రాహిమాం క్రీస్తు నాథ’ కీర్తనలో పల్లవి శరణు వేడే మొర. ఆ మొరకు వాడిన సంస్కృత పదం పాత భక్తి సంప్రదాయం నుంచే వచ్చింది. చరణాలలో ఇంద్రియాలకు లొంగిన తన బతుకును కవి ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలు తర్వాత పల్లవికి వస్తే మాటలు అవే, బరువు వేరు. మొదట అలవాటుగా పలికిన మాట ఇప్పుడు అక్కరతో పలుకుతుంది.

పల్లవి, చరణాల ఈ కట్టు ఖమ్మం ప్రాంతానికి కొత్తది కాదు. పెనుబల్లి ఉన్న జిల్లాలోనే నేలకొండపల్లి ఉంది. అది 17వ శతాబ్దపు కంచర్ల గోపన్న, అంటే భద్రాచల రామదాసు ఊరు. గోల్కొండ చెరలో ఆయన తాను చేయించిన నగల ఖర్చు చెప్పి రాముణ్ణి నిలదీస్తాడు. చివరికి దెబ్బలకు తాళలేక తిట్టానని సర్దిచెప్పుకుంటాడు. రామదాసు దేవుణ్ణి లెక్క అడిగాడు, చౌదరి తన లెక్క తానే అప్పజెప్పాడు. ఇద్దరిలోనూ దాపరికం లేదు. అయితే దేవుడితో పోట్లాడే చనువు చౌదరి కీర్తనలో లేదు, అది లోటే. బైబిలుకు ఆ చనువు కొత్త కాదు. 88వ కీర్తన ఏ ఓదార్పూ లేకుండా చీకటి మాటతోనే ముగుస్తుంది.

చరణాలలో దేవుని బిరుదులు మాత్రమే పేర్చిన పాటలూ ఉన్నాయి. రాగం బాగుంటే అవీ నిలుస్తాయి. కాని వాటిలో పల్లవి వెళ్ళినట్టే తిరిగి వస్తుంది. యేసు హెచ్చరిక తగిలేది అక్కడే.

అభ్యాసం: మీ ఊరి ప్రార్థన మందిరంలోనో భజనలోనో పాడే ఒక కీర్తనను తీసుకోండి. చివరి చరణం తర్వాత పల్లవి అర్థం ఏ పదం వల్ల మారిందో గుర్తించండి. మారకపోతే కారణం రాయండి.