మూడుసార్లు విడుదలైన పాట: ‘టేక్ ఆన్ మీ’లో ప్రచారం, పాఠం, దృశ్యం

ఒక పాట విజయానికి దాని గుణం కారణమా, ప్రచారం కారణమా అన్న ప్రశ్న జనరంజక సంగీత విమర్శలో తరచు ఎదురవుతుంది. అది తేలకపోవడానికి కారణం స్పష్టమే. పాట సాధారణంగా ఒక్కసారే విడుదలవుతుంది. ఆ ప్రచారం లేకపోతే దాని గతి ఏమయ్యేదో పరీక్షించి చూసే వీలు విమర్శకునికి ఉండదు. నార్వే పాప్-రాక్ బృందం ‘ఆ-హా’ పాడిన ‘టేక్ ఆన్ మీ’ ఈ వీలును కల్పించిన అరుదైన ఉదాహరణ. 1984, 1985 సంవత్సరాల్లో ఈ పాట బ్రిటన్‌లో మూడుసార్లు సింగిల్‌గా వెలువడింది. రెండుసార్లు విఫలమై, మూడోసారి రెండో స్థానానికి చేరింది. అమెరికాలో 1985 అక్టోబరులో బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో ప్రథమస్థానం పొందింది. తెలుగు చెవికి ఈ బృందం పేరు మెచ్చుకోలులా వినిపిస్తుంది గాని, మొదటి రెండు విడుదలల్లో ఆ మెచ్చుకోలు వారికి దక్కలేదు.

మోర్టెన్ హార్కెట్, మాగ్నె ఫురుహోల్మెన్, పాల్ వాక్టార్ అనే ముగ్గురు యువకులు లండన్ చేరి వార్నర్ బ్రదర్స్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నారు. టోనీ మాన్స్‌ఫీల్డ్ నిర్మాణంలో, ఫెయిర్‌లైట్ యంత్రం ఆధారంగా రూపొందిన తొలి ముద్రణ 1984లో వచ్చింది. స్వదేశంలో మూడో స్థానం పొందినా, బ్రిటన్‌లో అది తొలి వందలోకి కూడా రాలేదు. తరువాత అలన్ టార్నీ నిర్మాణంలో పాటను మళ్లీ ముద్రించారు. అందరికీ తెలిసిన రూపం ఇదే. 1985లో ఇది బ్రిటన్‌లో విడుదలైనా, అక్కడి కార్యాలయం పెద్దగా పట్టించుకోనందువల్ల రెండోసారీ పరాజయమే మిగిలింది. అటుపై సంస్థ అమెరికా విభాగం పూనుకొని స్టీవ్ బారన్ దర్శకత్వంలో కొత్త వీడియో తీయించింది. అమెరికాలో ముందు వీడియో ప్రసారమై, నెల తరువాత గాని రికార్డు దుకాణాలకు రాలేదు. శ్రోత పాటను కొనడానికి ముందే దాన్ని చూశాడన్నమాట.

వీడియోయే పాటను గెలిపించిందన్న మాట ఈ చరిత్ర నుండే పుట్టింది. అది సగమే నిజం. మొదటి విడుదలకూ రెండోదానికీ మధ్య మారింది ధ్వనిముద్రణ. బ్రిటన్‌లో ఫలితం మారలేదు. రెండోదానికీ మూడోదానికీ మధ్య ధ్వనిముద్రణ మారలేదు, ఫలితం మారింది. ఇంతవరకు తర్కం వీడియో పక్షానే ఉంది. అయితే మూడోసారి మారింది వీడియో ఒక్కటే కాదు. సంస్థ సంకల్పం మారింది, ఖర్చు పెట్టే చేయి మారింది, 1981లో మొదలైన ఎం.టి.వి. రూపంలో ప్రసారమార్గం సిద్ధంగా ఉంది. పైగా నార్వేలో ఆ వీడియో లేకుండానే తొలి ముద్రణ ఆదరణ పొందింది. కాబట్టి ‘వీడియో’ అన్న ఒక్క మాట వెనుక ఒక సంస్థాగత నిర్ణయం దాగి ఉందని గుర్తించాలి. కళాఖండానికి దక్కే కీర్తిలో కార్యాలయపు వాటా కనబడకుండా పోవడం ఈ రంగంలో కొత్త కాదు.

ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెట్ 1987లో ప్రచురించిన గ్రంథానికి ‘గడపలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. శీర్షిక, ముందుమాట, అంకితం మొదలైనవి పాఠకుణ్ణి పాఠంలోకి దాటించే గడపలని అతని ప్రతిపాదన. తెలుగు ప్రబంధ పాఠకునికి ఈ భావన అపరిచితం కాదు. మనుచరిత్ర అవతారికలో కృష్ణదేవరాయలు పెద్దనను కావ్యం చెప్పమని కోరే ఘట్టం కథకు వెలుపలిదే. అయినా దాన్ని విడదీసి ఆ కావ్యాన్ని చదివే విమర్శకుడు అరుదు. అవతారిక కృతిపతి యశస్సును ప్రకటిస్తుంది. ప్రచారచిత్రం సరుకును ప్రకటిస్తుంది. ఈ భేదం చిన్నది కాదు. కాని రెండుచోట్లా గడప ఇంటిలో భాగమైపోతుంది. ‘టేక్ ఆన్ మీ’ విషయంలో గడపే ఇల్లైపోయిందా అన్నదే ప్రశ్న.

వీడియోను పాఠంగా చదివితే ఈ ప్రశ్నకు ఆసక్తికరమైన సమాధానం దొరుకుతుంది. కాఫీ హోటల్లో ఒక యువతి బొమ్మల కథ చదువుతుంటుంది. పందెంలో గెలిచిన నాయకుడు పుటలోంచి కన్ను గీటి, పెన్సిల్ గీతల చేతిని బయటికి చాచి ఆమెను లోపలికి పిలుస్తాడు. సర్వర్ వచ్చి చూస్తే మనిషి లేదు, బిల్లు చెల్లలేదు. కోపంతో ఆమె పుస్తకాన్ని నలిపి చెత్తబుట్టలో వేస్తుంది. ఆ నలుగుడుతో లోపలి ప్రపంచం ప్రమాదంలో పడుతుంది. ప్రత్యర్థులు రెంచి పట్టుకొని వెంటపడతారు. నాయకుడు కాగితపు గోడను చించి ఆమెను బయటికి పంపి తాను చిక్కుకుంటాడు. రికార్డు అమ్మడానికి తీసిన చిత్రంలో కథానాయకుని ప్రాణం మీదికి తెచ్చింది చెల్లించని బిల్లు! దర్శకుడు ఉద్దేశించాడో లేదో గాని, ఈ వ్యంగ్యాన్ని విమర్శ దాటిపోకూడదు.

చివరి ఘట్టం మరింత కీలకం. యువతి ఇంట్లో నలిగిన కాగితాన్ని సరిచేస్తుంది. నాయకుడు చిత్రఫలకం గోడలకు తన దేహాన్ని కొట్టుకుంటూ, గీతకూ మాంసానికీ మధ్య కొట్టుమిట్టాడుతూ ఆమె ఇంటి నడవలోకి వచ్చి పడతాడు. పాట సాహిత్యం స్వీకరించమని వేడుకొనే సంకోచపు స్వరం. త్వరలో దూరమైపోతానన్న సూచన అందులో ఉంది. పల్లవి మంద్రంలో మొదలై మెట్టు మెట్టుగా తారస్థాయికి ఎగబాకుతుంది. ఆ ఆరోహణ ప్రయాసనే దృశ్యం దేహప్రయాసగా మార్చింది. అంటే వీడియో పాటపై అతికించిన అలంకారం కాదు, పాటలోని ధ్వనికి చేసిన వ్యాఖ్యానం. తొలి వీడియోలో బృందం కెమెరా ముందు పాడింది, అంతే. దానిలో ఈ వ్యాఖ్యానం లేదు.

ఈ వ్యాఖ్యానం వెనుక శ్రమ ఉంది. నటులతో తీసిన ఫ్రేముల మీద పెన్సిల్‌తో తిరిగి గీసే రోటోస్కోపింగ్ పద్ధతిలో మైకేల్ ప్యాటర్సన్, క్యాండెస్ రెకింగర్ సుమారు 3,000 ఫ్రేములు గీశారు. దాదాపు 16 వారాలు పట్టింది. 1986లో ఎం.టి.వి. వీడియో పురస్కారాల్లో ఈ చిత్రానికి ఆరు దక్కాయి. జనస్మృతిలో గాయకుని ముఖం నిలిచినంతగా గీసిన చేతుల పేర్లు నిలవలేదు.

విజయానికి మూల్యమూ ఉంది. తరువాతి సింగిల్ ‘ది సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టి.వి.’ 1986 జనవరిలో బ్రిటన్‌లో ప్రథమస్థానం పొందింది. శీర్షికలోనే టెలివిజన్ ఉంది. దాని వీడియో పాత కథను కొనసాగిస్తూ మొదలవుతుంది: యువతి ఎదుటే నాయకుడు మళ్లీ గీతల బొమ్మగా మారి పారిపోతాడు. బొమ్మ నుండి మనిషిని చేసిన ప్రచారమే మనిషిని తిరిగి బొమ్మను చేసిందని బృందం తన గురించి చెప్పుకున్నట్లుగా ఈ ఆరంభాన్ని చదవవచ్చు. ఆపై ఏళ్లతరబడి వారిని కౌమారుల ఆరాధ్యమూర్తులుగా చూసినంతగా సంగీతకారులుగా చూడలేదు.

2017లో నార్వేలోని గిస్కె ద్వీపంలో జరిగిన ‘అన్‌ప్లగ్డ్’ కచేరీలో ఇదే పాటను వారు నెమ్మదిగా, సింథసైజర్ హోరు లేకుండా పాడారు. ఆ విలంబగతిలో వినిపించేది గెలుపు ఉత్సాహం కాదు, సాహిత్యంలో మొదటినుండీ ఉన్న సంకోచం. పెన్సిల్ గీతలు ఎరుగని శ్రోతకు కూడా అది చేరుతుంది. అయితే ఆ కచేరీని ఏర్పాటు చేసింది కూడా ఎం.టి.వి.యే.